ప్లాటర్ ఫైళ్లను లేజర్ ప్రింటర్‌లో ముద్రించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కాగితం మీద పెన్నుతో డ్రాయింగులు గీసే పెన్ ప్లాటర్లు ఆఫీసుల నుంచి వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. వాటి కోసం తయారైన పీఎల్‌టీ ఫైళ్లు మాత్రం పాత ఫ్లాపీల్లో, సీడీల్లో, ప్రాజెక్టు ఫోల్డర్లలో ఇంకా ఉన్నాయి. అసలు డ్రాయింగ్ ఫైలు పోయి పీఎల్‌టీ ఒక్కటే మిగిలిన సందర్భాలూ తక్కువేమీ కాదు. అప్పుడు ఆ గీతలే ఆధారం.

పీఎల్‌టీలో ఉండేది బొమ్మ కాదు, పెన్నుకు ఇచ్చిన ఆదేశాలు. ఎక్కడికి వెళ్లాలో, ఎప్పుడు దిగాలో అందులో ఉంటుంది. పెన్ను ఎంత మందం, కాగితం ఎంత పెద్దది, సున్నా బిందువు కాగితం మీద ఎక్కడ అన్నవి చాలా ఫైళ్లలో ఉండవు, ఎందుకంటే అవి ప్లాటర్ దగ్గరే ఖరారయ్యేవి. లేజర్ ప్రింటర్‌కు ఆ మూడూ మనమే చెప్పాలి. కింద వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఈ మూడింటిలో ఏదో ఒకటి చెప్పకపోవడం వల్ల వచ్చేవే.

కమాండ్లలోని రోమన్ అక్షరాలను ఇక్కడ పలికినట్టే తెలుగులో రాశాం. టైపు చేసేటప్పుడు వాటి స్థానంలో ఇంగ్లిష్ అక్షరాలే పెట్టుకోండి. ‘ఎస్కేప్’ అంటే 27వ కోడ్ ఉన్న ఒకే ఒక్క బైటు.

పీఎల్‌టీ ఫైళ్లన్నీ ఒకే రకమా?

కాదు. పీఎల్‌టీ అనేది ఎక్స్‌టెన్షన్ మాత్రమే. ప్లాటర్‌కు పంపాల్సిన దేన్నైనా ఆ పేరుతో సేవ్ చేసేవారు. ఫైలును హెక్స్ ఎడిటర్‌లో (బైట్లను అంకెలుగా చూపే ప్రోగ్రామ్) తెరిచి మొదటి కొన్ని బైట్లు చూస్తే సంగతి తెలుస్తుంది.

‘ఐఎన్;ఎస్‌పీ1;’ లాంటిది కనబడితే పాత హెచ్‌పీజీఎల్, అంటే హెచ్‌పీ ప్లాటర్ల భాష. ‘ఎస్కేప్ %-12345ఎక్స్’ అని మొదలై పక్కన ‘@పీజేఎల్’ ఉంటే పెద్ద ఇంక్‌జెట్ ప్లాటర్ కోసం చేసిన ఫైలు. దాని లోపల హెచ్‌పీజీఎల్2 (అదే భాష తర్వాతి రూపం) గీతలు ఉండొచ్చు, లేదా చుక్కల చిత్రం ఉండొచ్చు. ‘%!పీఎస్’ అని ఉంటే అది పోస్ట్‌స్క్రిప్ట్, ప్లాటర్ భాషే కాదు. దాన్ని ఘోస్ట్‌స్క్రిప్ట్‌తో పీడీఎఫ్ చేసుకుంటే పని అయిపోయినట్టే. సెమీకోలన్, వెంటనే కోలన్‌తో మొదలైతే హ్యూస్టన్ ఇన్‌స్ట్రుమెంట్ ప్లాటర్ల డీఎంపీఎల్ భాష. దానికి ఇక్కడి పద్ధతులు పనిచేయవు.

హెచ్‌పీజీఎల్ ఫైలు లోపల ఏముంటుంది?

ఈ చిన్న వరుస చూడండి:

ఐఎన్;ఎస్‌పీ1;పీయూ400,400;పీడీ4400,400;పీడీ4400,3400;

ఐఎన్ అంటే మొదటి స్థితికి రమ్మని. ఎస్‌పీ1 అంటే ఒకటో పెన్ను తీసుకోమని. పీయూ అంటే పెన్ను ఎత్తి అక్కడికి వెళ్లమని, పీడీ అంటే దించి గీసుకుంటూ వెళ్లమని. ప్లాటర్ యూనిట్ ఒక్కోటి 0.025 మిల్లీమీటరు, అంటే మిల్లీమీటరుకు 40. కాబట్టి పెన్ను సున్నా బిందువు నుంచి కుడికి 10, పైకి 10 మిల్లీమీటర్ల దగ్గర దిగి, కుడికి 100 మిల్లీమీటర్ల గీత, అక్కడి నుంచి పైకి 75 మిల్లీమీటర్ల గీత గీస్తుంది. ఈ వరుసను విడిగా ఒక ఫైలుగా దాచుకోండి. ఏ పద్ధతిలో మార్చినా ముందు దీన్ని ముద్రించి స్కేలుతో కొలిస్తే కొలత సరిగా వస్తోందో లేదో ఒక్క కాగితంతో తేలిపోతుంది.

పాత ఆటోక్యాడ్ ఫైళ్ల మొదట్లో ‘ఎస్కేప్ .ఐ81;;17:’, ‘ఎస్కేప్ .ఎన్;19:’ వంటివి కనిపిస్తాయి. అవి డ్రాయింగ్‌లో భాగం కాదు. సీరియల్ కేబుల్ మీద ప్లాటర్, కంప్యూటర్ ఒకదాన్నొకటి ఆపుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటు: 17 అంటే పంపు, 19 అంటే ఆగు. లేజర్ ప్రింటర్‌కు ఇవి అర్థం కావు. ఐఎన్ ముందున్న వాటన్నింటినీ తీసేయొచ్చు.

పీఎల్‌టీని లేజర్ ప్రింటర్‌కు నేరుగా పంపొచ్చా?

ప్రింటర్‌కు పీసీఎల్ 5 (హెచ్‌పీ లేజర్ ప్రింటర్ల భాష) వస్తే పంపొచ్చు. 1990లో వచ్చిన లేజర్‌జెట్ 3తో మొదలై పీసీఎల్ 5 లోపలే హెచ్‌పీజీఎల్2 భాష ఉంది. అంతకుముందు లేజర్‌జెట్ 2 తరం వాటిలో లేదు. వాటికి చుక్కల చిత్రంగా మార్చి పంపడం ఒక్కటే దారి.

ఇప్పటి ప్రింటర్ల విషయంలో జాగ్రత్త. తక్కువ ధర లేజర్లలో చాలావాటికి స్వంత భాషంటూ ఉండదు. పేజీ మొత్తం కంప్యూటర్లోనే తయారై వెళ్తుంది. వాటికి పీఎల్‌టీ నేరుగా పంపితే ఏమీ రాదు. పెట్టె మీద ‘పీసీఎల్ 6’ అని ఉన్నంత మాత్రాన కూడా సరిపోదు, పీసీఎల్ 6 అసలు రూపంలో హెచ్‌పీజీఎల్2 లేదు. ప్రింటర్ మెనూ నుంచి కాన్ఫిగరేషన్ పేజీ ముద్రించి, భాషల జాబితాలో పీసీఎల్ 5, 5ఈ, 5సీల్లో ఏదైనా ఉందేమో చూడండి. లేకపోతే పీడీఎఫ్ దారి పట్టండి.

నేరుగా పంపితే పేజీల కొద్దీ కోడ్ అక్షరాలుగా వచ్చింది. ఎందుకు?

ప్రింటర్ పీసీఎల్ టెక్స్ట్ మోడ్‌లో ఉంది. హెచ్‌పీజీఎల్2 మోడ్‌లోకి రమ్మని మీరు చెప్పలేదు కాబట్టి వచ్చినదాన్ని వచ్చినట్టే అచ్చు వేసింది. ఫైలుకు ముందు ఒక తల, వెనక ఒక తోక తగిలించాలి.

ఏ1 డ్రాయింగ్‌ను ఏ4 అడ్డంగా, సరిగ్గా మూడోవంతుకు తగ్గించి ముద్రించే తల ఇది. ప్రతి వరుసలోనూ చివరి అక్షరం పెద్దది, మిగతావన్నీ చిన్నవి:

ఎస్కేప్ ఈ : రీసెట్
ఎస్కేప్ &ఎల్26ఏ : ఏ4 కాగితం (ఏ3 అయితే 27)
ఎస్కేప్ &ఎల్1ఓ : అడ్డంగా (చివరిది ఓ అక్షరం, సున్నా కాదు)
ఎస్కేప్ *పీ0ఎక్స్0వై : కర్సర్ మూలకు
ఎస్కేప్ *సీ7946ఎక్స్5613వై : బొమ్మ చట్రం కొలత
ఎస్కేప్ *సీ0టీ : చట్రం ఇక్కడి నుంచి మొదలు
ఎస్కేప్ *సీ33.11కే23.39ఎల్ : అసలు డ్రాయింగ్ కొలత, అంగుళాల్లో
ఎస్కేప్ %0బీ : హెచ్‌పీజీఎల్2లోకి

ఎస్కేప్ పక్కన ఖాళీ మన చదువుకోవడానికే, ఫైల్లో ఖాళీలు, కొత్త లైన్లు ఉండకూడదు. తోకలో ‘ఎస్కేప్ %0ఏ’, ఆ తర్వాత ‘ఎస్కేప్ ఈ’. తోక లేకపోతే డేటా అంతా వెళ్లాక కూడా కాగితం బయటికి రాదు. పాత ప్లాటర్‌లో పేజీ తోయమనే పీజీ కమాండ్ ఇక్కడ పనిచేయదు.

చట్రం అంకెలు ఊరికే పెట్టినవి కావు. అవి అంగుళంలో 720వ వంతుల్లో ఉంటాయి. ఏ1 కొలత 841 × 594 మిల్లీమీటర్లు, మూడోవంతు 280.3 × 198. దాన్ని 25.4తో భాగించి 720తో గుణిస్తే 7946, 5613 వస్తాయి. ‘కాగితానికి సరిపోయేలా’ అని వదిలేయకుండా సరిగ్గా మూడోవంతు ఎంచుకోవడం వల్ల 1:100 డ్రాయింగ్ 1:300 అవుతుంది. త్రికోణపు స్కేలులో 1:300 ముఖం ఉంటుంది కాబట్టి సైటు మీద నేరుగా కొలుచుకోవచ్చు. ఏ0 అయితే అయిదోవంతు పెట్టండి, 1:100 కాస్తా 1:500 అవుతుంది. నాలుగోవంతు ఏ4 అంచుల్లో పట్టదు, లేజర్ ప్రింటర్ నాలుగు వైపులా నాలుగు మిల్లీమీటర్లకు పైగా అంచు ఖాళీగా వదిలేస్తుంది.

తల, తోక అతికించడం ఎలా? ప్రింటర్‌కు పంపడం ఎలా?

తలను ఒక ఫైలుగా, తోకను మరో ఫైలుగా హెక్స్ ఎడిటర్‌లో చేసి పెట్టుకుంటే ప్రతి డ్రాయింగ్‌కూ అవే వాడుకోవచ్చు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘కాపీ /బీ’ అని రాసి, తల + డ్రాయింగ్ + తోక, చివర కొత్త ఫైలు పేరు ఇవ్వండి. ‘/బీ’ మరచిపోవద్దు. అది లేకుండా ఫైళ్లను కలిపితే, మధ్యలో 26వ కోడ్ బైటు ఎదురైన చోటే ఫైలు ముగిసిందనుకుని కాపీ ఆగిపోతుంది, డ్రాయింగ్ సగమే వస్తుంది. తయారైన ఫైలును షేర్ చేసిన ప్రింటర్ పేరు మీదికి మళ్లీ ‘కాపీ /బీ’తోనే పంపాలి. లినక్స్‌లో ఎల్‌పీ కమాండ్‌కు ‘-ఓ రా’ చేర్చండి. నెట్‌వర్క్ ప్రింటర్ అయితే 9100 పోర్టుకు ఫైలును ఉన్నదున్నట్టు పంపినా చాలు.

నోట్‌ప్యాడ్‌లో తెరిచి సేవ్ చేయడం మాత్రం వద్దు. హెచ్‌పీజీఎల్2లో పీఈ అనే కమాండ్ కోఆర్డినేట్లను కుదించి సంకేత బైట్లుగా రాస్తుంది. వాటిలో ఒక్క బైటు మారినా అక్కడి నుంచి గీతలు పేజీ మీద అడ్డదిడ్డంగా పరిగెడతాయి.

డ్రాయింగ్‌లో నాలుగోవంతే వచ్చింది. మిగతాది ఏమైంది?

సున్నా బిందువు తేడా. 7475ఏ వంటి చిన్న ప్లాటర్లలో సున్నా కింద ఎడమ మూల. పెద్ద డ్రాఫ్టింగ్ ప్లాటర్లలో సున్నా కాగితం నడిమధ్య. అలాంటి ఫైలులో కోఆర్డినేట్లు సగం మైనస్‌లో ఉంటాయి. లేజర్ ప్రింటర్‌కు సున్నా చట్రం మూలలోనే కాబట్టి, పై కుడి భాగం మాత్రమే పేజీ మీద పడి మిగతా మూడు భాగాలూ కత్తిరించుకుపోతాయి.

ఏ1కు సరిచేసే వరుస:

ఐపీ0,0,33640,23760;ఎస్‌సీ-16820,16820,-11880,11880;

ఐపీ రెండు మూల బిందువులు ఎక్కడో చెబుతుంది, ఎస్‌సీ ఆ మూలలకు కొత్త కోఆర్డినేట్లు ఇస్తుంది. ఇందులో 33640 అంటే 841 మిల్లీమీటర్లను 40తో గుణించినది, 16820 అందులో సగం. దీన్ని ఎక్కడ పెడుతున్నామన్నది ముఖ్యం. ఐఎన్ తర్వాతే పెట్టాలి, ఎందుకంటే ఐఎన్ అన్నింటినీ చెరిపేస్తుంది. ఆటోక్యాడ్ ఫైళ్లలో ఐఎన్ పక్కనే ‘ఎస్‌సీ;’ అని అంకెలు లేకుండా ఉంటుంది, దాని అర్థం స్కేలింగ్ ఆపేయమని. మన వరుస దానికి ముందు పడితే వెంటనే రద్దయిపోతుంది. ఆ ‘ఎస్‌సీ;’ని తీసేసి దాని స్థానంలో మన వరుస పెట్టండి. ఫైలు లోపల ఇంకెక్కడైనా అంకెలతో ఎస్‌సీ, ఐపీ ఉంటే ఈ చిట్కా పనికిరాదు, పీడీఎఫ్ దారే మేలు.

ఖాళీ కాగితం వచ్చింది.

ముందు ఎస్‌పీ కోసం వెతకండి. లేజర్ ప్రింటర్‌లో పెన్నులు లేకపోయినా భాష మాత్రం పెన్నును ఎంచుకోమనే అడుగుతుంది. ఎస్‌పీ0 అంటే తెల్ల పెన్ను, ఎంచుకోకపోతే ఉండేదీ అదే. తెల్ల కాగితం మీద తెల్ల గీతలు పడ్డాయన్నమాట. ఐఎన్ తర్వాత ఎస్‌పీ1 చేర్చండి.

పీడీఎఫ్‌గా మార్చడానికి ఏది వాడాలి?

పాత హెచ్‌పీజీఎల్‌కు హెచ్‌పీ2ఎక్స్ఎక్స్, హెచ్‌పీజీఎల్2కు ఘోస్ట్‌పీసీఎల్. రెండూ ఉచితమే. దేనికి ఏది అన్నది తారుమారు చేస్తే ఏదో ఒకటి వస్తుంది గానీ గీతల రకాలు, అక్షరాలు చెడిపోతాయి.

హెచ్‌పీ2ఎక్స్ఎక్స్‌కు ‘-ఎం ఈపీఎస్’ ఇచ్చి ఈపీఎస్ (పోస్ట్‌స్క్రిప్ట్ బొమ్మ ఫైలు) తీసుకుని దాన్ని పీడీఎఫ్ చేయండి. గీతలు గీతలుగానే ఉంటాయి, ఎంత పెద్దది చేసినా మసకబారవు. ‘-టీ’ ఆప్షన్ తప్పనిసరి. అది లేకపోతే ఏ డ్రాయింగ్‌నైనా 200 మిల్లీమీటర్ల చదరంలో పట్టేలా సాగదీస్తుంది, లేదా కుదిస్తుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, కొలత మాత్రం పోతుంది. చుక్కల చిత్రంగా తీస్తుంటే ‘-డీ 600’ అని కూడా ఇవ్వాలి, చెప్పకపోతే అంగుళానికి 75 చుక్కలే వేస్తుంది. ఈ ప్రోగ్రామ్ డ్రాయింగ్ హద్దులను తనే లెక్కేసుకుంటుంది కనుక నాలుగోవంతు సమస్య ఇందులో రాదు.

ఘోస్ట్‌పీసీఎల్‌కు తల, తోక లేని హెచ్‌పీజీఎల్2 ఫైలు ఇచ్చేటప్పుడు ‘-ఎల్ఆర్‌టీఎల్’ (ఎల్ చిన్నది, మిగతావి పెద్దవి) అని ప్లాటర్ మోడ్ చెప్పాలి. చెప్పకపోతే అది కూడా కోడ్‌ను అక్షరాలుగా పేర్చి పీడీఎఫ్ చేసి ఇస్తుంది.

గీతలన్నీ ఒకే మందంతో వచ్చాయి.

ప్లాటర్‌లో ఒకటో పెన్ను 0.25, రెండోది 0.5 అని ఆపరేటర్ తగిలించేవాడు. ఆ సంగతి ఫైలుకు తెలియదు. లేజర్ ప్రింటర్ చెప్పకపోతే అన్నింటినీ 0.35 మిల్లీమీటర్లతో గీస్తుంది. హెచ్‌పీజీఎల్2లో ప్రతి ఎస్‌పీ తర్వాతా మందం చెప్పే పీడబ్ల్యూ చేర్చండి: ‘ఎస్‌పీ1;పీడబ్ల్యూ0.25;’, ‘ఎస్‌పీ2;పీడబ్ల్యూ0.5;’ ఇలా. హెచ్‌పీ2ఎక్స్ఎక్స్‌లో ‘-పీ 357’ అంటే ఒకటో పెన్ను 0.3, రెండోది 0.5, మూడోది 0.7 మిల్లీమీటర్లు. ఇది ఈపీఎస్‌కు మాత్రమే. చుక్కల చిత్రానికి అవే అంకెలు చుక్కల లెక్క అవుతాయి.

ఏ పెన్ను ఏ మందమో తెలియనప్పుడు డ్రాయింగ్‌నే అడగాలి. బోర్డర్, టైటిల్ బ్లాక్ గీసిన పెన్ను సాధారణంగా మందమైనది. డైమెన్షన్ గీతలు, హ్యాచింగ్ గీసినది సన్ననిది. పాత పనిలో వాడిన వరుస 0.18, 0.25, 0.35, 0.5, 0.7.

తగ్గించి ముద్రిస్తుంటే మందాలను కూడా అదే నిష్పత్తిలో తగ్గించకండి. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) ఒక చుక్క 0.042 మిల్లీమీటరు. 0.18 గీత నాలుగోవంతైతే 0.045, అంటే ఒకే చుక్క. అలాంటి గీత తెరమీద కనిపిస్తుంది, కాగితం మీద తెగిపోతుంది, జిరాక్స్ తీస్తే మాయమవుతుంది. చిన్న ప్రింటులో 0.13 కన్నా సన్నగా దేన్నీ ఉంచకపోవడం మంచిది.

చుక్కల గీతలు, గీత-చుక్క గీతలు మారిపోయాయి.

హెచ్‌పీజీఎల్‌లో ఎల్‌టీ కమాండ్ నమూనా పొడవును మిల్లీమీటర్లలో కాక, పీ1, పీ2 అనే రెండు మూల బిందువుల (ఐపీతో పెట్టేవి ఇవే) మధ్య దూరంలో శాతంగా లెక్కిస్తుంది, మామూలుగా 4 శాతం. కాగితం మారితే ఆ బిందువులూ మారతాయి, గీత ముక్కలూ మారతాయి. హెచ్‌పీజీఎల్2లో ‘ఎల్‌టీ2,5,1;’ అని మూడో అంకె 1 ఇస్తే 5 అంటే అయిదు మిల్లీమీటర్లే. సెంటర్ లైన్లు ముఖ్యమైన మెషిన్ డ్రాయింగుల్లో ఇలా మార్చుకోవడం శ్రమ అయినా చేయాల్సిన పనే.

ఒకే ఫైలు ఒక్కో ప్రింటర్‌లో ఒక్కో సైజులో రావడానికీ మూలం ఇదే. ఎస్‌సీ వాడి, ఐపీ ఇవ్వని ఫైలు పీ1, పీ2 ఎక్కడుంటే అంత మేరకు సాగుతుంది. ఎస్‌సీ ముందు అసలు కాగితానికి తగిన ఐపీ అంకెలు పెడితే నిలకడగా వస్తుంది.

ఒక చోట నుంచి డ్రాయింగ్ ఆగిపోయి, కోడ్ అంతా ఒకే వరుసలో అక్షరాలుగా వచ్చింది.

ఎల్‌బీ కమాండ్ అక్షరాలు రాస్తుంది. ఎక్కడ ఆపాలో చెప్పేది 3వ కోడ్ ఉన్న, కంటికి కనిపించని బైటు. ఫైలు ఈమెయిల్‌లోనో ఎడిటర్‌లోనో తిరిగినప్పుడు ఆ బైటు ఊడిపోతే, తర్వాతి పీయూలూ పీడీలూ అన్నీ ఆ లేబుల్‌లో భాగమే అనుకుని రాసేస్తుంది. హెక్స్ ఎడిటర్‌లో ప్రతి ఎల్‌బీ మాట చివరా 03 ఉందో లేదో చూసి, లేనిచోట చేర్చండి. ముందుగా డీటీ కమాండ్ కోసం వెతకండి. కొన్ని ప్రోగ్రాములు దానితో వేరే ముగింపు గుర్తు పెట్టుకుంటాయి.

డ్రాయింగ్‌లో తెలుగు అక్షరాలు వస్తాయా?

ఎల్‌బీ ద్వారా రావు. ప్లాటర్ ఫాంట్లలో తెలుగు లేదు, గుణింతాలు, వత్తులు పేర్చే తెలివీ ఆ భాషకు లేదు. ఫైలు తయారుచేసే దగ్గరే అక్షరాలను గీతలుగా మార్చాలి: కోరల్‌డ్రాలో కన్వర్ట్ టు కర్వ్స్, ఆటోక్యాడ్‌లో ఎక్స్‌ప్రెస్ టూల్స్‌లోని ఎక్స్‌ప్లోడ్ టెక్స్ట్. రేడియం స్టిక్కర్ కటింగ్ చేసేవాళ్లకు ఇది రోజూ పనే. కట్ చేసే ముందు అదే పీఎల్‌టీని లేజర్‌లో ఏ4 మీద తీసి చూసుకుంటే, ‘క్ష్మ’ లాంటి వాటిలో గీత మీద గీత పడి బ్లేడు ముక్క కోసేసే చోట్లు ముందే దొరుకుతాయి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు యూనిట్లు అంగుళానికి 1016గా ఉండాలి. 1000 అని ఉంటే కొలత ఒకటిన్నర శాతం తప్పుతుంది.

నల్లగా నింపిన భాగాల్లో చారలు కనిపిస్తున్నాయి.

పెన్ ప్లాటర్ నింపడమంటే పక్కపక్కన గీతలు గీయడమే. ఆ గీతల ఎడం పీటీ కమాండ్‌లో ఉంటుంది, మామూలుగా 0.3 మిల్లీమీటరు. మీరు పెన్ను మందం 0.25 పెడితే మధ్యలో తెల్ల సందులు మిగులుతాయి. నింపే పెన్ను మందాన్ని 0.35కు పెంచండి.

ప్రింటర్ 20 లేదా 21 ఎర్రర్ చూపించి ఆగింది.

పాత లేజర్‌జెట్లలో 20 అంటే మెమరీ చాలలేదు, 21 అంటే పేజీ మరీ చిక్కగా ఉండి డ్రమ్ము తిరిగే వేగానికి చుక్కలు తయారు కాలేదు. ఏ4 పేజీ 300 డీపీఐలో నిండా చుక్కలుగా వేస్తే సుమారు 10.9 లక్షల బైట్లు, 600లో 43.5 లక్షలు. లేజర్‌జెట్ 3తో వచ్చే మెమరీ ఒక్క మెగాబైటే. మెమరీ పెంచి మెనూలో పేజ్ ప్రొటెక్ట్ ఆన్ చేస్తే 21 పోతుంది. అది కుదరకపోతే కంప్యూటర్లోనే చుక్కల చిత్రంగా మార్చి 300 డీపీఐలో పంపండి.

ఏ1ను తగ్గించకుండా ఏ4 కాగితాల మీద ముక్కలుగా తీయాలంటే ఎన్ని కావాలి?

లెక్క ప్రకారం ఏ1లో ఎనిమిది ఏ4లు పడతాయి. ముద్రించలేని అంచుల వల్ల ఎనిమిది చాలవు. ఏ4 అడ్డంగా పెట్టి, అయిదు మిల్లీమీటర్లు ఒకదానిపై ఒకటి వచ్చేలా చేస్తే మూడు మూళ్లు తొమ్మిది. నిలువుగా పెడితే పదిహేను అవుతాయి, కాబట్టి అడ్డమే లాభం. అతుకు పది మిల్లీమీటర్లు కావాలంటే ఇంకో వరుస పెరిగి పన్నెండు. పీడీఎఫ్ చేసుకున్నాక అడోబ్ రీడర్‌లోని పోస్టర్ ఆప్షన్‌తో స్కేలు 100 శాతం, కట్ మార్కులు పెట్టి తీయండి. ‘ఫిట్’ ఎంచుకుంటే పడిన శ్రమంతా అక్కడే పోతుంది.

ముద్రించిన దాని మీద కొలతలు నమ్మొచ్చా?

లేజర్ ప్రింటర్ కాగితాన్ని వేడి రోలర్ల మధ్య నుంచి లాగుతుంది. తేమ పోయి కాగితం కొద్దిగా కుంచించుకుపోతుంది, పొడవు వైపు, వెడల్పు వైపు ఒకే రీతిలో కాదు. పైన చెప్పిన 100, 75 మిల్లీమీటర్ల పరీక్ష గీతలను అదే రీము కాగితం మీద ముద్రించి, కాగితం చల్లారాక రెండు వైపులా కొలవండి. తేడా కొలవదగినంత ఉంటే డ్రాయింగ్ మీద రెండు దిశల్లోనూ స్కేలు పట్టీ గీయండి. తర్వాత జిరాక్స్‌లో పెరిగినా తగ్గినా ఆ పట్టీలు డ్రాయింగ్‌తో పాటే మారతాయి. ప్లాటు హద్దులు, యంత్ర భాగాల కొలతలు మాత్రం కాగితం మీద స్కేలు పెట్టి తీయకండి. పీఎల్‌టీలోని రెండు కోఆర్డినేట్లను తీసివేసి 40తో భాగించి, డ్రాయింగ్ స్కేలుతో గుణించండి.